లోడు వైపు, ఖాళీ వైపు: ఇరుసు బరువుల ప్రాజెక్టు డైరీ

ఈ ప్రాజెక్టుకు ఇలాంటి రోడ్డు దొరకడం మా అదృష్టం. క్వారీ నుంచి పెద్ద రోడ్డు దాకా వెళ్లే రెండు వరుసల తారు రోడ్డు ఇది. రెండు వైపులా ఒకే కంకర, ఒకే తారు, అంతా ఒకేసారి వేసినదే. ఒక వైపు నుంచి లారీలు లోడుతో బయటికి పోతాయి. రెండో వైపు నుంచి అవే లారీలు ఖాళీగా తిరిగొస్తాయి. కాబట్టి రెండు వైపులా లారీల సంఖ్య సమానం, ఇరుసుల సంఖ్య సమానం. తేడా అంతా బరువులోనే ఉంది.

మూడు మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్‌ని (వంకర లేని కడ్డీని) రోడ్డుకు అడ్డంగా పెట్టి, కింద ఎంత సందు ఉందో కొలిచాం. లోడు వైపు చక్రాల గాడి 18 మిల్లీమీటర్లు, ఖాళీ వైపు 4. లోడు వైపు గాడి అడుగున ఇంజనీర్లు ఎలిగేటర్ క్రాకింగ్ అనే చిన్న చిన్న గళ్ల పగుళ్లు కూడా మొదలయ్యాయి. ఖాళీ వైపు ఒక్క పగులు కూడా లేదు.

లారీ మొత్తం బరువు కాటా మీద ఎలాగూ తెలుస్తుంది. కానీ రోడ్డుకు ఆ మొత్తంతో పని లేదు. ఏ ఇరుసు ఎంత బరువు దించుతోంది, ఆ ఇరుసుకు చక్రాలెన్ని, పక్క ఇరుసు ఎంత దూరంలో ఉంది అన్నవే లెక్కలోకి వస్తాయి. అందుకే ఒక్కో ఇరుసును విడిగా తూచే పలకలు తయారు చేద్దామనుకున్నాం.

పలకలు

కుడి చక్రాలకు ఒకటి, ఎడమ చక్రాలకు ఒకటి, మొత్తం రెండు పలకలు. ఒక్కోటి 20 మిల్లీమీటర్ల మందం ఉక్కు ప్లేటు. లారీ నడిచే దిశలో పొడవు 500 మిల్లీమీటర్లు, అడ్డంగా 700. వెనక జంట టైర్లు రెండూ కలిపి పట్టాలంటే 700 కంటే తగ్గించడం కుదరదు. ప్లేటు నాలుగు మూలల కింద ఒక్కోటి 5 టన్నుల షియర్ బీమ్ లోడ్ సెల్ (బరువును విద్యుత్ సంకేతంగా మార్చేది) పెట్టాం. చక్రం బ్రేకు కొట్టినా, ప్లేటు ఒక అంచు మీదకు ముందుగా ఎక్కినా ఒకే సెల్ మీద భారం పడుతుంది. అందుకే కెపాసిటీ ఇంత ఎక్కువ తీసుకున్నాం.

పలకను నేల మీద పెట్టి రెండు వైపులా ర్యాంపు వేద్దామని వెల్డర్ సలహా ఇచ్చాడు. పని తేలికే, కానీ దానికి ఒప్పుకోలేదు. వెనక రెండు ఇరుసులున్న లారీలో వాటి మధ్య దూరం 1.3, 1.4 మీటర్లు ఉంటుంది. ఒక ఇరుసు పలక మీద ఎత్తులో ఉండి రెండోది కింద ఉంటే, ఎత్తులో ఉన్నది తన వాటా కంటే ఎక్కువ మోస్తుంది. కొనుక్కునే పోర్టబుల్ ప్యాడ్లతో పాటు అదే మందం ఉన్న ఉత్తుత్తి మ్యాట్లు ఇచ్చేది ఇందుకే. మేం గుంట తవ్వి, కాంక్రీటు వేసి, పలక పైభాగం రోడ్డుతో సమానంగా ఉండేలా దించాం. పలకకు ముందూ వెనకా లారీ అంత పొడవున చదును చేశాం. మూడు మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ కింద 3 మిల్లీమీటర్ల షిమ్ (పల్చని రేకు) దూరకూడదు, అదీ మేం పెట్టుకున్న షరతు. మొత్తం పనిలో నడుం విరిగింది ఇక్కడే. గుంట అడుగున నీళ్లు పోయే గొట్టం మర్చిపోకుండా పెట్టించాం. సెల్స్ తీగలన్నీ కలిసే జంక్షన్ బాక్సు నీళ్లలో మునిగితే, అది ఇచ్చే రీడింగులను నమ్మి ఏం లెక్కలు వేస్తాం?

సెల్ నుంచి అంకె దాకా

ఈ లోడ్ సెల్ ఫుల్ లోడు దగ్గర ఒక్కో వోల్టు సరఫరాకు 2 మిల్లీవోల్టుల సంకేతం ఇస్తుంది. 5 వోల్టులు ఇస్తే 10 మిల్లీవోల్టులు. నాలుగు సెల్స్‌ను సమాంతరంగా కలిపితే పలక మీద 20 టన్నులకు 10 మిల్లీవోల్టులన్నమాట. 10 కిలోల తేడాకు వచ్చేది 5 మైక్రోవోల్టులు. దగ్గర్లో మోటారు ఆన్ అయితే కేబుల్లో పుట్టే రొద దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. షీల్డున్న కేబులు వాడి, షీల్డును ఒక్క చివరే ఎర్త్ చేశాక గానీ అంకెలు కుదుటపడలేదు.

ఏ ఏడీసీ (సెల్ సంకేతాన్ని అంకెగా మార్చే చిప్) పెట్టాలన్న దగ్గర కొంత చర్చ నడిచింది. అందరూ వాడే హెచ్‌ఎక్స్711 చవక, 24 బిట్లు, ఆగి ఉన్న బరువుకు బంగారంలా పనిచేస్తుంది. కాకపోతే సెకనుకు 80 రీడింగులే దాని గరిష్ఠం. లారీ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. టైరు నేలను తాకే పొడవు పావు మీటరు అనుకుంటే, అర మీటరు పలక మీద టైరు పూర్తిగా ఉండేది 25 మిల్లీసెకన్లు. ఆ లోపు హెచ్‌ఎక్స్711 చూసేది రెండే రెండు సార్లు. అందుకే సెకనుకు 30,000 రీడింగుల దాకా తీయగల ఏడీఎస్1256 పెట్టాం. అంత వేగం మాకు అక్కర్లేదు, సెకనుకు 1,000 చాలు. కానీ చక్రం ఎక్కడం, నిలవడం, దిగడం మొత్తం ఆకారం కళ్లముందు కనిపించాలి.

తర్వాతి పని మూలల సర్దుబాటు. ఒకే బరువును నాలుగు మూలల మీద పెడితే నాలుగు సార్లూ ఒకే అంకె రావాలి. జంక్షన్ బాక్సులోని ట్రిమ్ పాట్‌ను (ఒక్కో సెల్ సంకేతాన్ని సర్దే మరను) చిన్న స్క్రూడ్రైవర్‌తో కాస్త తిప్పడం, మళ్లీ బరువు మార్చడం, మళ్లీ తిప్పడం. ఒక మూల సరిచేస్తే ఎదురు మూల కదులుతుంది. విసుగు పుట్టించే పని, అయినా వదలకూడదు. టైరు ప్రతిసారీ ప్లేటు నడిమధ్య మీదుగానే పోదు కదా.

కదులుతున్న లారీ

మొదట కదులుతున్న లారీలనే తూచి చూశాం. గ్రాఫులో చక్రం ఎక్కేటప్పుడు ఏటవాలుగా పైకి, మధ్యలో కాసేపు చదును, మళ్లీ ఏటవాలుగా కిందికి. పుస్తకాల్లో ఉన్న బొమ్మే, తేడా ఏమిటంటే ఆ చదును చదునుగా లేదు. లారీ బాడీ స్ప్రింగుల మీద సెకనుకు దాదాపు 1.5 నుంచి 4 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఇరుసు, టైర్లు విడిగా ఇంకా వేగంగా, సెకనుకు 8 నుంచి 15 సార్లు దాకా గెంతుతాయి. పలక తూచేది ఆ ఊగులో ఒక ముక్కను.

మెల్లగా పోనిస్తే సరిపోతుంది కదా అంటారు. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో టైరు పలక మీద పూర్తిగా ఉండేది 180 మిల్లీసెకన్లు. సెకనుకు 3 సార్లు ఊగే బాడీకి ఒక పూర్తి ఊగు 333 మిల్లీసెకన్లు. అంటే అంత మెల్లగా పోయినా మనకు దొరికేది దాదాపు సగం ఊగే. సగటు తీసి దాన్ని పోగొట్టడం కుదరదు. మెల్లగా పోవడం వల్ల లాభమల్లా ఊగే అవకాశం తగ్గడం. కదిలే వాహనాలను తూచే వ్యవస్థలకు ఏఎస్‌టీఎం (ప్రమాణాలు రూపొందించే అమెరికా సంస్థ) ఈ1318 ప్రమాణం ఉంది. అందులో టైప్-1 తరగతి కూడా ఒక్కో ఇరుసుకు ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం, మొత్తం బరువుకు 10 శాతం తేడాను అనుమతిస్తుంది. ప్రమాణం రాసినవాళ్లు ఉదారంగా ఉన్నారని కాదు, లారీ స్వభావమే అంత.

ఎక్కువ తక్కువలు చివరికి సర్దుకుపోతాయి కదా అనే వాదన మా టీమ్‌లోనే వచ్చింది. బరువుల సగటు కావాలంటే సర్దుకుపోతాయి. మాకు కావాల్సింది రోడ్డుకు జరిగే నష్టం. అది బరువుకు నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. 10 టన్నుల ఇరుసు ఒకసారి 8గా, ఒకసారి 12గా నమోదైందనుకోండి. సగటు 10, బ్రహ్మాండం. నష్టం చూడండి: 0.8 నాలుగో ఘాతం 0.41, 1.2 నాలుగో ఘాతం 2.07. రెండింటి సగటు 1.24. ఉన్న నష్టానికి 24 శాతం ఎక్కువ చూపిస్తుంది, ఎన్ని లారీలు తూచినా అది తగ్గదు. తేడా 1 టన్నే అయితే ఈ అదనం 6 శాతానికి పడిపోతుంది.

మరి ఊగు నిజమే కదా, ఆ దెబ్బ రోడ్డుకు తగులుతోంది కదా? తగులుతోంది. అయితే నాలుగో ఘాతం లెక్క పుట్టిన పరీక్షలో (దాని గురించి కింద చెప్తాను) ఇరుసుల బరువు ఆపి తూచినదే, ఆ లారీలూ రోడ్డు మీద ఊగినవే. కాబట్టి ఊగు వల్ల కలిగే నష్టం ఆ లెక్కలో ముందే కలిసి ఉంది. మళ్లీ మనం కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టు.

అందుకని నిర్ణయం మారింది. నష్టం లెక్కకు లారీని పలక మీద ఆపి తూయడం. కదిలే రీడింగులు ఎన్ని ఇరుసులు వెళ్లాయో లెక్కపెట్టడానికి, అనుమానం వచ్చిన లారీని పక్కకు పిలవడానికి మాత్రమే.

ఆపి తూచడంలో మెలకువ

ఆపితే అంతా సులువని కాదు. లారీ ఆగగానే డ్రైవరు అలవాటుగా హ్యాండ్ బ్రేక్ లాగుతాడు. బ్రేకు పట్టి ఉన్నంతసేపు చక్రాలు బిగుసుకుని, స్ప్రింగులు తమ చోటుకు రాలేక, ఒక ఇరుసు బరువు కొంత పక్క ఇరుసు మీదకు పోతుంది.

"బ్రేకు తీసేస్తే బండి జారదా సార్?" అని అడిగాడు ఒక డ్రైవరు.

"నేల లెవెల్‌గానే ఉంది, పలకకు దూరంగా ఉన్న చక్రానికి చెక్కలు పెట్టాం. న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు వదిలెయ్యి బాబూ" అన్నాను.

వదిలాడు. తెర మీద వెనక ఇరుసు అంకె అక్కడికక్కడే మారింది. "ఇంతసేపూ ఈ బరువంతా ఎక్కడ దాక్కుంది సార్?" అన్నాడు. బాగా అడిగాడు. ఆకు స్ప్రింగుల పట్టీల మధ్య ఒరిపిడి కూడా ఇదే పని చేస్తుంది. ఆగిన తీరును బట్టి కాస్త బరువును పట్టేసుకుంటుంది. అందుకే ప్రతి ఇరుసునూ ముందుకొచ్చి ఆగినప్పుడు ఒకసారి, వెనక్కొచ్చి ఆగినప్పుడు ఒకసారి తూచి రెండింటి సగటు రాస్తున్నాం. తడి ఇసుక లోడు అయితే నీళ్లు కారడం ఆగేదాకా ఆగాలి, లేకపోతే తూస్తుండగానే బరువు తగ్గుతుంది.

ఒక లారీ లెక్క

నాలుగో ఘాతం ఎక్కడి నుంచి వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఒట్టావా దగ్గర ఏఏఎస్‌హెచ్‌ఓ (అక్కడి రాష్ట్రాల హైవే అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష జరిగింది. వేర్వేరు మందాలతో రోడ్డు ముక్కలు వేసి, సైనికులు నడిపే లారీలను వాటి మీద దాదాపు 11 లక్షల ఇరుసు దాట్ల వరకు తిప్పారు. అక్కడి గణాంకాల నుంచే 18,000 పౌండ్లు, అంటే 80 కిలోన్యూటన్లు లేదా 8.16 టన్నుల ఇరుసు ప్రామాణికమైంది. మిగతా ఇరుసుల నష్టాన్ని దీనితో పోల్చి చెప్తారు. ఘాతం కచ్చితంగా 4 అని దేవుడు రాసిపెట్టలేదు. సిమెంటుతో గట్టిపరిచిన పొరలకు అది ఇంకా చాలా ఎక్కువ.

మేం తూచిన ఒక మూడు ఇరుసుల లారీ. ముందు ఇరుసు 6.2 టన్నులు, వెనక జంటలో ఒకటి 11.4, రెండోది 9.1. మొత్తం 26.7.

మన దేశంలో తారు రోడ్ల డిజైన్‌కు వాడే ఐఆర్‌సీ-37 పద్ధతిలో ముందు ఇరుసును 80తో పోల్చరు. అటొక టైరు, ఇటొక టైరు మాత్రమే కాబట్టి దానికి ప్రామాణికం 65 కిలోన్యూటన్లు. జంట టైర్లున్న ఒంటి ఇరుసుకు 80, రెండు ఇరుసుల గుంపుకు 148, మూడింటి గుంపుకు 224. 6.2 టన్నులు అంటే 60.8 కిలోన్యూటన్లు. దాన్ని 65తో భాగించి నాలుగో ఘాతం కడితే 0.77. 80తో పోల్చి ఉంటే 0.33 వచ్చేది. స్టీరింగ్ ఇరుసు తేలిక, దాన్ని వదిలెయ్యొచ్చు అనేవాళ్లు ఈ తేడా చూడాలి.

వెనక గుంపు 20.5 టన్నులు, అంటే 201 కిలోన్యూటన్లు. 148తో పోలిస్తే 3.41. మొత్తం 4.18. ఈ లారీ ఒకసారి వెళ్తే నాలుగుకు పైగా ప్రామాణిక ఇరుసులు వెళ్లినట్టు. గుంపు లెక్కలో రెండు ఇరుసులూ బరువును సమానంగా పంచుకున్నాయని ఊహ ఉంది. 11.4, 9.1 సమానం కాదు. ఒక్కోదాన్ని 8.16తో విడిగా పోల్చి చూస్తే, సమానంగా ఉన్నప్పటి కంటే నష్టం 7, 8 శాతం ఎక్కువ తేలుతోంది. లారీ మొత్తం బరువు పరిమితి లోపలే ఉన్నా ఒక ఇరుసు దాటిపోవచ్చు. పెద్ద కాటాకు అది కనిపించదు.

ఇదే లారీ ఖాళీగా తిరిగొచ్చినప్పుడు ముందు 4.2, వెనక గుంపు 5.4 టన్నులు. నష్టం 0.18. అందులోనూ దాదాపు అంతా ముందు ఇరుసుదే. లోడుకూ ఖాళీకీ బరువులో తేడా 2.8 రెట్లు, నష్టంలో 23 రెట్లు. మరి గాడి 18కీ 4కీ మధ్య నాలుగున్నర రెట్లే ఎందుకుంది? గాడి అనేది నష్టంతో పాటు సూటిగా పెరగదు. రోడ్డు వేసిన కొత్తలో రెండు వైపులా పొరలు కాస్త అణుగుతాయి, ఖాళీ వైపు కనిపించేది చాలావరకు అదే. రెండు వైపులను విడదీసేవి పగుళ్లు.

బెంకెల్‌మన్ బీమ్

ఇరుసు బరువు తెలిసింది. రోడ్డు దానికి ఎంత వంగుతోందో చూడాలి. దీనికి 1950ల మొదట్లో ఏ.సి. బెంకెల్‌మన్ తయారుచేసిన బీమే ఇప్పటికీ చవకైన సాధనం. 3.66 మీటర్ల పొడవు. మొన నుంచి 2.44 మీటర్ల దగ్గర బీమ్ ఊగే కీలు, అటు చివర డయల్ గేజ్. మొన దగ్గర కదలిక డయల్‌కు సగమే అందుతుంది కాబట్టి రీడింగును రెండుతో గుణించాలి. మొనను వెనక జంట టైర్ల మధ్య సందులో పెట్టి లారీని మెల్లగా ముందుకు పోనిస్తాం. భారం తొలగాక రోడ్డు పైకి లేచేదే కొలత.

పరీక్షకు రెండు ఇరుసుల లారీ వాడాం. దాని వెనక ఇరుసు 8,170 కిలోలు, టైరు గాలి చదరపు సెంటీమీటరుకు 5.6 కిలోలు ఉండాలి. ఆ 8,170 కుదిర్చింది మా పలకల మీదే. ఇసుక బస్తాలు ముందుకూ వెనక్కీ జరుపుతూ ఉంటే అంకె దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. చివర్లో ఒక బస్తాలోంచి రెండు పారల ఇసుక తీశాక సరిపోయింది.

లోడు వైపు బాగున్న చోట డయల్ తేడా 0.41, అంటే 0.82 మిల్లీమీటర్లు వంగుతోంది. వెనక ఇరుసును 10 టన్నులు చేసి అదే చోట చూస్తే 1.02. బరువు 22 శాతం పెంచితే వంపు 24 శాతం పెరిగింది, దాదాపు సూటి సంబంధమే. మరి నాలుగో ఘాతం ఎక్కడుంది? వంపులో లేదు, ఆయుష్షులో ఉంది. తీగను కొంచెం వంచుతూ పోతే ఎన్నో సార్లు ఓర్చుకుంటుంది, ఇంకాస్త ఎక్కువ వంచితే గబుక్కున తెగుతుంది. తారు పొర అడుగున సాగే సాగుకు పగుళ్ల ఆయుష్షు ఐఆర్‌సీ-37లో 3.89 ఘాతంతో పడిపోతుంది. సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింది నేల) పైన పడే నొక్కుడుకు గాడి ఆయుష్షు 4.5337 ఘాతంతో. రెండూ 4కు అటూ ఇటూనే. 8.17 నుంచి 10 టన్నులకు పోతే ఒక్కో దాటుకు నష్టం 2.24 రెట్లు.

బీమ్ పనిలో టెన్షన్ పెట్టేది ఎండ. తారు వేడెక్కితే మెత్తబడి వంపు పెరుగుతుంది, అందుకే ప్రతి రీడింగు దగ్గరా తారులో చిన్న రంధ్రం చేసి ఉష్ణోగ్రత రాసుకుని 35 డిగ్రీలకు సవరిస్తున్నాం. బీమ్ కాళ్లు వంగిన భాగంలోనే పడ్డాయేమో కూడా మధ్య రీడింగుతో తనిఖీ చేయాలి.

నీళ్లు

పక్క కాలువ పూడుకుపోయిన చోట అదే లారీ, అదే 8,170 కిలోలు పెడితే డయల్ తేడా 0.71. అంటే 1.42 మిల్లీమీటర్లు. బరువు పెంచకుండానే, 10 టన్నులు మోపిన దానికంటే ఎక్కువ వంగింది. రోడ్డు అంచు దగ్గర తవ్వి చూస్తే సబ్‌గ్రేడ్ మట్టి చేతిలో ముద్దలా అంటుకుంటోంది. ఒట్టావా పరీక్షలో కూడా మంచు కరిగి నేల తడిసే వసంతంలోనే రోడ్లు వేగంగా పాడయ్యాయి.

ఖాళీ వైపు కూడా కాలువ పూడిన చోటుంది. అక్కడ బీమ్ పెడితే 1.36. వంపులో లోడు వైపుకు పెద్ద తేడా లేదు. అయినా అక్కడ పగుళ్లు లేవు, ఎందుకంటే ఆ వైపు వెళ్లే ఇరుసులు 8,170 కిలోల దరిదాపుల్లోకి కూడా రావు. నీళ్లు రోడ్డును బలహీనపరుస్తున్నాయి, ఆ బలహీనతను వాడుకుంటున్నది భారీ ఇరుసులు. రెండింటిలో ఏది ముందు ఆపాలని యార్డు మేనేజరు అడిగితే, కాలువ తీయడం చవక, లోడరు దగ్గర బకెట్ల లెక్క మార్చడం ఇంకా చవక అని చెప్పాను. 11.4 టన్నుల ఇరుసున్న వెనక గుంపు మీద భారం కొంత తగ్గించాలంటే కంకరను ట్రాలీలో కాస్త ముందుకు జరిపి పోస్తే సరిపోతుంది.

లోడరు డ్రైవరు కోసం పలకల దగ్గర పెద్ద అంకెల డిస్‌ప్లే పెట్టే పని మొదలైంది. మొత్తం బరువు చిన్నగా, ఒక్కో ఇరుసు బరువు పెద్దగా కనిపించేలా పెడుతున్నాం. బీమ్ పెట్టిన చోట్లన్నింటికీ రోడ్డు మీద పసుపు పెయింటుతో గుర్తులు వేశాం. కాలువ పూడిక తీసి, మట్టి ఆరాక అదే లారీతో, అదే 8,170 కిలోలతో, అవే గుర్తుల మీద మళ్లీ కొలవాలి.